గేటు దాటొచ్చిన ప్రశ్నలు

విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతాయని అందరికీ తెలుసు. అవి ఎవరికి పనికొస్తున్నాయో మాత్రం గేటు బయట నిలబడితే తెలీదు. ఏడాదికోసారి ఆ గేటు తెరుచుకునే రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా వెళ్తే... బోలెడు సంగతులు తెలుస్తాయి. అడగాల్సిన ప్రశ్నలూ గుర్తొస్తాయి!

‘జేఎన్‌టీయూ... జేఎన్‌టీయూ... దిగేవాళ్లు ముందుకు రండి!’

కండక్టర్ కేక వినగానే కూకట్‌పల్లి బస్సులో సగం మంది లేచి నిలబడతారు. వాళ్లలో యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు ఎందరు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా హాస్టలుకో, కోచింగ్ సెంటరుకో, రైతుబజారుకో వెళ్లేవాళ్లు. ఇంకొందరు అక్కణ్నుంచి షేర్ ఆటో పట్టుకుని హైటెక్ సిటీలో ఉద్యోగానికి పరిగెత్తేవాళ్లు. ఈ ప్రాంతంలో జేఎన్‌టీయూ అంటే ముందుగా ఓ చౌరస్తా, ఓ బస్టాపు. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఓ స్టేషను కూడా. విశ్వవిద్యాలయం అన్నది ఆ తర్వాతే గుర్తొస్తుంది.

నిజానికి ఆ గోడ వెనక పెద్ద చరిత్రే ఉంది. 1965లో నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన కళాశాల ఇది. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అంటే పొలాలకు నీళ్లు చేరకముందే ఆ ప్రాజెక్టు పేరుతో ఇక్కడ ఇంజినీర్లు తయారవడం మొదలైందన్నమాట! 1972 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఈ కాలేజీ అందులో భాగమైంది. చాలాకాలం మాసాబ్‌ట్యాంక్‌లో నడిచి, 1984లో కూకట్‌పల్లికి తరలివచ్చింది. 2008లో జేఎన్‌టీయూ నాలుగు విశ్వవిద్యాలయాలుగా విడిపోయాక హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇదే కేంద్రం.

ఒక ఆనకట్ట పేరు పెట్టుకుని పుట్టిన కాలేజీ. ఆ పేరులోనే ఒక మాట ఇమిడి ఉంది... చదువు చివరికి చేను దాకా చేరాలని! మరి ఇన్నేళ్ల తర్వాత నగరంలోని ప్రయోగశాలల్లో జరిగే పని ఊరిదాకా, వీధిదాకా వస్తోందా? ఆ సంగతి కళ్లారా చూడాలంటే ఓ మంచి అవకాశం ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఏటా ‘ఆర్ అండ్ డీ షోకేస్’ పేరుతో జరిపే పరిశోధనల పండగ.

పొలాలు పోయి... టవర్లు వచ్చి!

జేఎన్‌టీయూ చౌరస్తా నుంచి గచ్చిబౌలికి పది పన్నెండు కిలోమీటర్లు. బస్సుంది, షేర్ ఆటో ఉంది. దారిలో కనిపించేదంతా నిన్నమొన్నటి చరిత్రే. మొదట హౌసింగ్‌బోర్డు కాలనీ. అందరూ కేపీహెచ్‌బీ అని పిలుచుకునే ఈ కాలనీని మధ్యతరగతి కుటుంబాల సొంతింటి కల కోసం ప్రభుత్వ గృహనిర్మాణ మండలి కట్టింది. ఇప్పుడు ప్రతి వీధిలోనూ హాస్టలు బోర్డులే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అనంతపురం నుంచి ఖమ్మం దాకా ఏ జిల్లా వాళ్లయినా ఇక్కడ కనిపిస్తారు. చిన్నసైజు తెలుగునేల అంతా ఈ కాలనీలోనే సర్దుకుని కూర్చున్నట్టుంటుంది.

కాలనీ దాటి, రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగితే హైటెక్ సిటీ. ఎదురుగా గుండ్రటి సైబర్ టవర్స్. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. ఒకటి కంపెనీల కోసం, ఇంకొకటి చదువు కోసం. ఒకే ఏడాది పుట్టిన అక్కాచెల్లెళ్లలాంటివి రెండూ. కొత్తగూడ, కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి చేరి, స్టేడియం దాటి కాస్త ముందుకెళ్తే ట్రిపుల్ ఐటీ కనిపిస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్‌తో సమానంగా చూసే ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్‌రెడ్డి ఈ సంస్థ పాలకమండలికి చాలాకాలం సారథ్యం వహించారు. ఆయనది చిత్తూరు జిల్లా కాటూరు. పల్లె నుంచి వెళ్లి ప్రపంచానికి కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి!

రథం లేని తిరునాళ్ల

షోకేస్ జరిగేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అప్పటికి ఎండలింకా ముదరవు. పేరుకు ఇంగ్లిషు పండగే కానీ సందడి మాత్రం మన తిరునాళ్లదే. వరసగా బల్లలు, వాటి వెనక పోస్టర్లు, తెరలు, కదిలే బొమ్మల్లాంటి రోబోలు. ఒక్కో బల్ల దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థులే నిలబడి తమ పనిని వివరిస్తారు. భాష, వ్యవసాయం, భూకంపాలు, రోబోలు, మెదడు పనితీరు, ఉపగ్రహ చిత్రాలు... ఒక్కో ప్రయోగశాలదీ ఒక్కో లోకం.

ఇక్కడ అసలు పరీక్ష ఆ విద్యార్థులకే. ప్రొఫెసర్ల ముందు మాట్లాడటం వాళ్లకు అలవాటే. గళ్లచొక్కా వేసుకున్న ఎనిమిదో తరగతి కుర్రాడు వచ్చి ‘అన్నా, ఇది ఎందుకు పనికొస్తుంది?’ అంటే మాత్రం తడబడతారు. పదేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పలేని పని మనకే పూర్తిగా అర్థం కానట్టు కదా! ప్రదర్శనకు వచ్చినవాళ్లకు విజ్ఞానం, ప్రదర్శించినవాళ్లకు వినయం... ఒకే టిక్కెట్టు మీద రెండు లాభాలు.

ఈ ప్రాంగణం నుంచి జనం దాకా వెళ్లిన పనులు కొన్నిటిని తరచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటన్నిటికీ మొదలు ప్రయోగశాలలో లేదు. చేనులో ఉంది, రోడ్డు మీద ఉంది, వంటింటి కుళాయి దగ్గర ఉంది.

పత్తిచేను ఫొటో దిగింది

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల కష్టం రాష్ట్రాన్ని కుదిపేసింది. పురుగు తగ్గలేదు, మందుల అప్పు తీరలేదు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పే మనిషి పక్కనుంటే కొన్ని ఇళ్లయినా నిలబడేవి కదా అన్న బాధ అందరిదీ. వ్యవసాయ శాస్త్రవేత్తలేమో నగరాల్లో ఉంటారు. చేలేమో వేలల్లో ఉంటాయి. ఒక్కో చేనుకూ వెళ్లి చూసేదెవరు?

దీనికి ట్రిపుల్ ఐటీ ఆచార్యులు పి.కృష్ణారెడ్డి బృందం 2004లో ఓ దారి వెతికింది. పేరు ‘ఈ-సాగు’. డాక్టరు చేను దగ్గరికి రాలేకపోతే, చేనునే డాక్టరు దగ్గరికి పంపితే? ఊళ్లో వ్యవసాయం తెలిసిన ఒక సమన్వయకర్త రోజూ కొన్ని చేలు తిరుగుతాడు. డిజిటల్ కెమెరాతో ఆకు, కాయ, పురుగు... అన్నిటినీ ఫొటోలు తీస్తాడు. అప్పట్లో పల్లెల్లో అన్ని ఫొటోలు పంపేంత ఇంటర్నెట్ ఎక్కడిది? అందుకని సీడీలో ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్‌కు పంపేవారు! ఇక్కడ వ్యవసాయ నిపుణులు ఒక్కో చేను ఫొటోలూ పాత వివరాలూ చూసి సలహా రాసేవారు. ఒకటిన్నర రోజులోపు ఆ సలహా ఊరికి చేరేది.

మొదటి ఏడాది వరంగల్ జిల్లాలోని మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలకు ఇలా సలహాలు అందాయి. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, రైతు వచ్చి అడిగేదాకా ఆగరు. అడక్కముందే చేనును చూసి చెబుతారు. చాలాసార్లు పురుగు కంటికి కనబడేసరికే ఆలస్యమవుతుంది మరి. ఇవాళ ఫోన్లో ఫొటో తీసి పంపడం ఎవరికైనా సెకన్ల పని. ఆ రోజుల్లో సీడీ, కొరియర్‌లతో ఆ పని చేశారంటే... కావాల్సింది పరికరం కన్నా ముందు పట్టుదలేనని తెలుస్తుంది.

ఆటోను ఎరగని కంప్యూటరు

ఇక రోడ్డు సంగతి. జేఎన్‌టీయూ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు నిలబడితే చాలు. రాంగ్‌రూట్లో వచ్చే బైకు, మధ్యలో ఆగే ఆటో, డివైడర్ దూకే కాలేజీ కుర్రాడు, తోపుడు బండి, తీరిగ్గా నడిచే ఆవు... అన్నీ ఒకే దృశ్యంలో! డ్రైవరు లేకుండా నడిచే కార్లకు కళ్లనిచ్చే పరిశోధనలు విదేశాల్లో జోరుగా సాగుతున్నప్పుడు ఆ కంప్యూటర్లు చూసి నేర్చుకున్న వీధులేవి? 2016లో వచ్చిన ‘సిటీస్కేప్స్’ అనే పేరున్న చిత్రాల భాండారం ఎక్కువగా జర్మనీ నగరాలది. అక్కడ లేన్లుంటాయి, కాలిబాటలుంటాయి. ఆటోరిక్షా మాత్రం ఉండదు! అలాంటి కంప్యూటరును కూకట్‌పల్లికి తీసుకొస్తే దాని పరిస్థితేంటి?

అందుకే ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థ కలిసి మన రోడ్లనే పాఠ్యపుస్తకంగా మార్చాయి. కారు ముందు కెమెరా పెట్టి హైదరాబాద్, బెంగళూరు వీధుల్లో, శివార్లలో తిరిగారు. 182 ప్రయాణాల నుంచి 10 వేల చిత్రాలు ఏరి, ఒక్కో చిత్రంలో ఏది ఏమిటో గీతలు గీసి గుర్తులు పెట్టారు. మొత్తం 34 రకాలు. అందులో ఆటోరిక్షాకు ఒక పేరు, జంతువుకు ఒక పేరు. తారు రోడ్డు పక్కన బండి దిగడానికి వీలున్న మట్టిదారికి కూడా ఓ పేరుంది! 2018లో బయటికొచ్చిన ఈ చిత్రాలను ప్రపంచంలో ఎక్కడి పరిశోధకులైనా వాడుకోవచ్చు.

డ్రైవరు లేని కారు మన వీధుల్లోకి ఎప్పుడొస్తుందో కానీ, డ్రైవరున్న బస్సుకు ఇలాంటి విద్య ఇప్పుడే పనికొస్తోంది. 2021లో నాగపూర్‌లో మొదలైన ‘ఐరాస్తే’ ప్రాజెక్టులో ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. బస్సుల్లో కెమెరాలు అమరుస్తారు. ముందున్న బండికి మరీ దగ్గరైనా, మనిషి అడ్డొచ్చినా డ్రైవరుకు హెచ్చరిక మోగుతుంది. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోకీ ఇది వచ్చింది. ఇందులో ఇంకో లాభముంది. మామూలుగా ఒక చోట పదేపదే ప్రాణాలు పోయాకే దాన్ని ప్రమాదకర ప్రాంతంగా గుర్తిస్తారు. ఇక్కడలా కాదు. ఒకేచోట పదేపదే హెచ్చరిక మోగుతోందంటే ఆ మలుపులో ఏదో లోపముందన్నమాట. ఎవరూ చనిపోకముందే దాన్ని సరిచేయొచ్చు. బిడ్డ ఇంటికి వచ్చేదాకా గుమ్మంలో ఎదురుచూసే తల్లికి ఇంతకన్నా పెద్ద పరిశోధన ఏముంటుంది?

ఏడికి? యాడికి? ఎక్కడికి?

కేపీహెచ్‌బీ హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురు కుర్రాళ్లు. ‘ఏడికి పోతున్నవ్?’ అంటాడు కరీంనగర్ వాడు. ‘యాడికి పోతాండావు?’ అంటాడు కడప వాడు. ‘ఎక్కడికెళ్తున్నావ్?’ అంటాడు గుంటూరు వాడు. ముగ్గురూ అడిగింది ఒకటే. ముగ్గురికీ అర్థమవుతుంది. మరి ఫోనుకో?

ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి తలపడుతున్న చిక్కు ఇలాంటిదే. ఇంగ్లిషులో నాలుగైదు మాటల్లో చెప్పేదాన్ని తెలుగులో ఒక్క మాటలో చుట్టేస్తాం. ‘వెళ్లలేకపోతున్నామేమో’... చూడండి, ఎన్ని ముక్కలు ఎలా అతుక్కున్నాయో! దీన్ని యంత్రం విడదీసుకోవాలి, అర్థం చేసుకోవాలి, మళ్లీ కలపాలి. యాస మారితే మళ్లీ మొదటికే. యంత్రానికి పుస్తకాల తెలుగు ఒక్కటే నేర్పిస్తే బ్యాంకులో, ఆస్పత్రిలో, ఆఫీసులో ఆ సౌకర్యం చదువుకున్నవాళ్లకే దక్కుతుంది. అక్షరం రాని అమ్మమ్మ తన యాసలో పింఛను గురించి అడిగితే సమాధానం రావాలి. ఈ పరిశోధనకు అదీ అసలైన పరీక్ష!

ఇంటికి కావాల్సిన చిన్న చిట్కాలూ ఇక్కడ పుడతాయి. నీటి మీటరునే తీసుకోండి. పాతకాలపు గుండ్రటి మీటర్లు మార్చి కొత్తవి పెట్టాలంటే పైపులు కోయాలి, ఖర్చు పెట్టాలి. ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఆ పాత మీటరు మీదే చిన్న కెమెరా బిగించారు. అది అంకెల్ని ఫొటో తీస్తుంది, చిన్న కంప్యూటరు వాటిని చదివి ఎప్పటికప్పుడు పంపుతుంది. పైపు ముట్టుకునే పని లేదు. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం ఫోన్లు చేసే అపార్టుమెంట్లకు నీళ్లు ఎక్కడ పోతున్నాయో తెలియడం చిన్న విషయమా?

బాలానగర్‌లో దొరికిన జవాబు

ఇదంతా చూసి తిరిగొస్తుంటే కూకట్‌పల్లి పక్కనే ఉన్న బాలానగర్ కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. అది ఏ విశ్వవిద్యాలయమూ ప్రదర్శించని పరిశోధన!

చింతకింది మల్లేశంది ఆలేరు దగ్గర శారాజీపేట. చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరకు ముందుగా ఆసు పోయాలి. అంటే వరసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి కదలాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు! తల్లి లక్ష్మి భుజం నొప్పితో విలవిల్లాడటం చూసి, ఆ పని చేసే యంత్రం తయారుచేయాలని 1992లో మొదలుపెట్టాడు. హైస్కూలు చదువైనా పూర్తికాలేదు. అప్పులయ్యాయి. పిచ్చివాడన్నారు. చివరికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కుదిరాడు. యంత్రంలో ఒక్క కదలిక మాత్రం ఎంతకీ కుదరట్లేదు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడి యంత్రం తిరిగే తీరులో అతనికి ఆ జవాబు కనిపించింది. 1999లో ‘లక్ష్మీ ఆసు యంత్రం’ పూర్తయింది. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అతనికి దారి చూపే మనిషి, యంత్రాల లెక్కలు చెప్పే మనిషి ముందే దొరికి ఉంటే? ఆ ఏడేళ్లలో కొన్నయినా మిగిలేవేమో. బాలానగర్ నుంచి జేఎన్‌టీయూ ఎంతో దూరం లేదు. కానీ చేనేత కుర్రాడు ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గరికెళ్లి ‘మా అమ్మ చెయ్యి నొప్పి పెడుతోంది, ఏదైనా చెయ్యండి’ అని అడగొచ్చని ఎవరు చెప్పారు?

నెదర్లాండ్స్‌లో 1970లలోనే విద్యార్థులు దీనికో ఉపాయం ఆలోచించారు. విశ్వవిద్యాలయాల్లో ‘సైన్స్ షాపులు’ తెరిచారు. షాపంటే అమ్మేదేమీ ఉండదు. కాలనీవాళ్లు, కార్మికులు, చిన్న సంఘాలవాళ్లు వచ్చి తమ సమస్య చెబుతారు. ‘మా వీధిలో నీళ్లు వాసనొస్తున్నాయి, ఎందుకు?’ అని అడిగితే విద్యార్థులు ఆచార్యుల సాయంతో దాన్నే తమ పరిశోధనగా తీసుకుంటారు. ప్రశ్న జనానిది, పని విశ్వవిద్యాలయానిది. తర్వాత ఈ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది.

కాలువ అడుగుతోంది

కూకట్‌పల్లికీ అలాంటి ప్రశ్న ఒకటుంది. అది రోజూ ఇళ్ల మధ్య నుంచి పారుతూనే ఉంటుంది. కూకట్‌పల్లి నాలా! ఇళ్ల మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు మోసుకుంటూ వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన ఆ చెరువు ఒకప్పుడు నగరానికి మంచినీళ్లిచ్చింది. ఇప్పుడు అందులోకి మురికి తెచ్చే కాలువల్లో పెద్దది ఇదే. జేఎన్‌టీయూలో పర్యావరణానికి ఒక అధ్యయన కేంద్రం ఉంది, నీటి వనరులకు మరొకటి ఉంది. నాలా ఉంది. దాని పక్కన ముక్కు మూసుకుని నడిచే జనమూ ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఎన్ని సంగతులు బయటికొస్తాయో! ఏ గంటలో నీళ్ల రంగు మారుతుందో ఒడ్డున ఉండే ఇల్లాలికి తెలుస్తుంది. ఆ రంగులో ఏముందో పరీక్షించి చెప్పడం ప్రయోగశాలకు చేతనవుతుంది.

పరిశోధనల పండగకు వెళ్లొచ్చేవాళ్లకు చివరగా ఒక మాట. రోబోతో ఫొటో దిగండి. పిల్లలకు అన్నీ చూపించండి. కానీ వచ్చేముందు ఏదో ఒక బల్ల దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడగండి. ‘ఇది మా వీధికి ఎప్పుడొస్తుంది?’ అన్నది మొదటిది. ‘ప్రాజెక్టు డబ్బులు అయిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు?’ అన్నది రెండోది. ఎన్నో మంచి ఆలోచనలు ఆగిపోయేది ఈ రెండో ప్రశ్న దగ్గరే. అక్కడ నిలబడ్డ విద్యార్థి తడబడితే తప్పేం లేదు. ఆ రాత్రి హాస్టలు గదిలో పడుకుని ఆ ప్రశ్న గురించి ఆలోచిస్తే చాలు.

సాయంత్రానికి తిరుగు బస్సు. హైటెక్ సిటీ వంతెన దిగి, హౌసింగ్‌బోర్డు దీపాల మధ్య నుంచి మళ్లీ అదే చౌరస్తాకు. ‘జేఎన్‌టీయూ... దిగేవాళ్లు రండి’ అంటాడు కండక్టరు. ఈసారి దిగాక పిల్లలు ఆ గేటు వైపు ఒకసారి చూస్తారు. ‘నాన్నా, మన నాలా గురించి ఇక్కడ అడగొచ్చా?’ అంటారు.

అడగొచ్చని చెప్పండి. ఎవరో ఒకరు అడిగితేనే కదా... జవాబు వెతకడం మొదలయ్యేది!